స్లాగ్ కాంక్రీటుతో మా ఇల్లు: హామర్ టెస్టులో ఫెయిల్ అన్న కాలమ్స్‌ని మళ్లీ పరీక్షించుకున్న నా అనుభవం

మా ఇంటి కాలమ్స్ ఎం30 కావు, ఎం15 దగ్గరే ఉన్నాయని చెప్పే రిపోర్టు డిసెంబరు మొదటి వారంలో చేతికొచ్చింది. ఎం పక్కన ఉండే అంకె కాంక్రీటు 28 రోజులకి చేరాల్సిన బలం, మెగాపాస్కల్స్ (ఎంపీఏ) లో. అప్పటికే స్లాబ్‌కి సెంట్రింగ్ సగం కట్టేశారు, అమ్మ ముహూర్తం పెట్టించేసింది, కంకర లారీ గుమ్మం ముందు దింపి ఉంది. నాన్న ఆ రెండు పేజీల కాగితాన్ని మూడుసార్లు చదివి, ఏమీ అనకుండా మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన ఏదైనా అనేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది, ఎందుకంటే ఇంటికి స్లాగ్ కాంక్రీటే వాడదామని పట్టుబట్టింది నేను.

నేను సివిల్ ఇంజినీర్‌ని, తొమ్మిదేళ్లుగా సైట్లలో క్వాలిటీ పని చూస్తున్నాను. ఇల్లు విశాఖలో కూర్మన్నపాలెం దగ్గర, నాన్న రిటైర్మెంట్ డబ్బుతో కట్టుకుంటున్నది. నాన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ మీద 31 ఏళ్లు పనిచేశారు. అక్కడ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మా ఇంట్లో గోదావరి అంటే ఇప్పటికీ నది కంటే ముందు ఫర్నేసే గుర్తొస్తుంది. ఇనుము కరిగినప్పుడు ఖనిజంలో ఉన్న మట్టీ, సున్నపురాయీ కలిసి స్లాగ్‌గా పైకి తేలుతుంది. దాన్ని పక్క కాలువలోకి మళ్లించి, ఎర్రగా పారుతుండగానే గట్టి ప్రెషర్‌తో నీళ్లు కొడితే ఠక్కున చల్లబడి ఇసుకలా రేణువులైపోతుంది. ఆ ఠక్కున చల్లబడటంలోనే దాని విలువంతా ఉంది. నెమ్మదిగా చల్లారితే మామూలు రాయి అవుతుంది, నీళ్లు కొట్టి చల్లారిస్తే గాజులాంటి పదార్థం అవుతుంది. ఆ గాజు రేణువుల్ని మెత్తగా రుబ్బితే తెల్లటి పొడి వస్తుంది, అదే జీజీబీఎస్. అది సిమెంటుతో కలిసి, సిమెంటు వదిలే సున్నాన్ని ఆసరా చేసుకుని గట్టిపడుతుంది.

నేను పట్టుబట్టడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి కార్బన్. ఒక టన్ను క్లింకర్, అంటే సిమెంటు కోసం కొలిమిలో కాల్చి తీసే గడ్డలు, తయారు చేస్తే 800 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. అందులో సగానికి పైగా బొగ్గు మంట నుంచి రాదు, సున్నపురాయి విడిపోవడం వల్లే వస్తుంది. అంటే కొలిమిని సోలార్ కరెంటుతో నడిపినా ఆ భాగం పోదు, క్లింకర్ తగ్గించుకోవడం ఒక్కటే దారి. మా ఇంటికి సుమారు 60 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఘనపు మీటరుకి పట్టే 360 కిలోల సిమెంటులో సగానికి బదులు స్లాగ్ పొడి వేస్తే 10 టన్నుల పైన సిమెంటు తగ్గుతుంది, 8 టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. రుబ్బడానికి పట్టే కరెంటు, రవాణా తీసేస్తే ఈ లెక్క ఇంకాస్త కిందికి వస్తుంది, అయినా తక్కువేమీ కాదు.

రెండోది మన ఉప్పు గాలి. బీచ్ రోడ్డు పక్కన పాత అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్లు చూడండి, కింద పెచ్చులూడి తుప్పు పట్టిన రాడ్లు బయటికి కనిపిస్తాయి. ఉప్పులో ఉండే క్లోరైడ్ కాంక్రీటులోకి ఇంకి లోపలి ఊసని, అంటే రాడ్డుని, తుప్పు పట్టిస్తుంది. స్లాగ్ ఉన్న కాంక్రీటు వయసు పెరిగేకొద్దీ లోపలి రంధ్రాలు బాగా సన్నబడతాయి, క్లోరైడ్ లోపలికి వెళ్లడం కష్టమవుతుంది. సముద్ర తీరానికి మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 వేయాలి. మన దగ్గర చాలా ఇళ్లకి ఇంకా ఎం20 తోనే కానిచ్చేస్తారు, ఇది నాకు ఎప్పటి నుంచో బాధగానే ఉంది.

మిక్స్ సింపుల్‌గా పెట్టాను, సైట్‌లో లెక్క తప్పకూడదని. ఒక బస్తా సిమెంటు, ఒక బస్తా స్లాగ్ పొడి. ఇసుకలో పావు వంతు స్లాగ్ ఇసుక, ఎందుకంటే రాడ్లున్న కాంక్రీటులో ఇనుప స్లాగ్ ఇసుకకి ఐఎస్ 383 పెట్టిన హద్దు 25 శాతం. ఉక్కు తయారీలో వచ్చే స్లాగ్ వేరు, దాన్ని రాడ్లున్న కాంక్రీటులో వేయనివ్వరు, అందులో మిగిలిపోయే సున్నం తర్వాత ఉబ్బుతుంది. చౌకగా వస్తుంది కదా అని ఈ రెండూ కలిపేసుకోకండి. గోడలకి పరవాడ సింహాద్రి థర్మల్ బూడిద ఇటుకలే, అవి మన దగ్గర అందరూ వాడేవే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

స్లాగ్ పొడి చూసి మాత్రం మేస్త్రి గారు బస్తాలో చెయ్యి పెట్టి వేళ్ల మధ్య నలిపి, "ఏటమ్మా ఇది, సున్నంలాగుంది, దీంతో పిల్లర్లు నిలబడతాయా?" అన్నారు. ఆయన తప్పు లేదు, 25 ఏళ్లుగా బూడిద రంగు పొడి తప్ప చూడలేదు. "నిలబడతాయి మేస్త్రి గారు, కాకపోతే మొదట్లో నిదానం, నీళ్లు ఎక్కువ రోజులు కొట్టాలి" అన్నాను. ఈ మాట చెప్పడం తేలికే, నవంబరు చలిలో పొద్దున్నే వచ్చి గోనె సంచులు తడిపేది మాత్రం వాచ్‌మన్ తాత.

కాలమ్స్ పన్నెండు, రెండు విడతలుగా పోశాం. ప్రతి విడతకీ 15 చొప్పున మొత్తం 30 క్యూబులు, అంటే నలగ్గొట్టి బలం చూడటానికి అదే కాంక్రీటుతో చేసే దిమ్మెలు, పోయించాను. అచ్చులు నా స్నేహితురాలు పనిచేసే కాలేజీ ల్యాబ్ నుంచి తెచ్చాను. స్లాగ్ ఎక్కువ ఉంది కాబట్టి క్యూబులు అచ్చు విప్పడానికి ఒక రోజు ఎక్కువ ఆగాం, లేకపోతే అంచులు రాలిపోతాయి. సగం క్యూబులు కాలేజీ నీళ్ల తొట్టెలోకి, సగం మా సైట్‌లోనే కాలమ్స్ పక్కన, అదే గోనె సంచి కింద, అదే వాచ్‌మన్ తాత చేతి నీళ్లతో. ఒక్కో క్యూబు ఎనిమిది కిలోలు. ఆటోలో ఎక్కించి దింపుతుంటే మా తమ్ముడు "ఇల్లు కడుతున్నామా, క్యూబులు కడుతున్నామా అక్కా?" అన్నాడు. కానీ ఈ 30 క్యూబులు లేకపోతే తర్వాత నా దగ్గర మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు.

7 రోజులకి తొట్టెలో క్యూబులు 18 ఎంపీఏ ఇచ్చాయి. మామూలు సిమెంటుతో ఎం30 అయితే ఆపాటికి 25 దాకా రావాలి. 14 రోజులకి 25 వచ్చింది. ఇది నేను ఊహించినదే, స్లాగ్ నిదానంగానే ఎక్కుతుంది, పైగా చలికాలం. కానీ ఇంట్లో ఆ 18 అన్న అంకె పాకిపోయింది. ఎదురింటి వాళ్లు, నాన్న స్నేహితులు, మా పెద్దనాన్న, అందరూ ఒకే మాట: "ఎందుకైనా మంచిది, ఒకసారి బయట వాళ్లతో టెస్ట్ చేయించు." నాకూ సబబే అనిపించింది, నా ఇంటికి నేనే సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదు కదా. అలా ఒక ప్రైవేటు ల్యాబ్ వాళ్లని పిలిచాం. పేరు చెప్పను, అవసరం కూడా లేదు, ఇలా చేసేవాళ్లు వాళ్లొక్కరే కాదు.

ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను, తమ్ముడు దగ్గరున్నాడు. సాయంత్రం వాడు ఫోన్లో తీసిన వీడియో చూశాను. పొద్దున్నే గోనె సంచులు విప్పారు, కాలమ్ ఇంకా తడితో నల్లగా ఉంది. రాయితో రుద్దడం లేదు. హామర్ పెట్టి టక్ టక్ మని కాలమ్‌కి ఐదారు దెబ్బలు, రెండు దెబ్బలు సరిగ్గా అంచు మీద. పన్నెండు కాలమ్స్ అరగంటలో అయిపోయాయి. రిపోర్టులో సగటు రీబౌండ్ 24 అని, దాని పక్కన బలం 16 ఎంపీఏ అని ఉంది. ఆ 16 ఎక్కడి నుంచి వచ్చిందో కింద చిన్న అక్షరాల్లో రాశారు: హామర్ మీద అతికించి ఉండే గ్రాఫ్ నుంచి.

హామర్ ఏం చేస్తుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. లోపల స్ప్రింగుతో ఒక బరువు ఉంటుంది, ముందున్న కడ్డీని గోడకి నొక్కితే ఆ బరువు వచ్చి కొట్టి వెనక్కి ఎగురుతుంది. ఎంత వెనక్కి ఎగిరిందో స్కేలు చూపిస్తుంది. ఉపరితలం గట్టిగా ఉంటే ఎక్కువ ఎగురుతుంది. అంతే, అది కొలిచేది చర్మం గట్టితనం. బలం అనేది మనం గ్రాఫ్ పెట్టి ఊహించేది. ఆ ఊహ కూడా 25 శాతం అటూ ఇటూ ఉండొచ్చని మన పాత ఐఎస్ 13311 లోనే రాసి ఉంది. తడి ఉంటే అంకె పడిపోతుంది, ఎంతంటే 20 శాతం దాకా. పైగా స్లాగ్ కాంక్రీటులో ఒక ప్రత్యేకత ఉంది. ఇది నిదానంగా గట్టిపడేది కాబట్టి, పై పొర కొంచెం ఆరినా అక్కడ పని ఆగిపోతుంది, లోపల మాత్రం తడి ఉండి పెరుగుతూనే ఉంటుంది. పైన మెత్తగా, లోపల గట్టిగా ఉన్నదాన్ని పైన కొట్టి చూస్తే మెత్తగానే ఉందని చెబుతుంది. ఆ గ్రాఫ్ గీసినప్పుడు వాడిన కాంక్రీటు వేరు, మాది వేరు.

ఇవన్నీ నాకు ఆ రాత్రే తెలుసు. అయినా నిద్ర పట్టలేదు. ఎందుకంటే రిపోర్టు తప్పుగా తీశారంటే కాలమ్ మంచిదని అర్థం కాదు. క్యూబు మంచిదైనంత మాత్రాన కూడా కాలమ్ మంచిదని కాదు. క్యూబు నేను దగ్గరుండి కూరి పోసినది, కాలమ్ చీకటిపడే వేళ పై నుంచి బొచ్చెలతో పోసినది. నేను ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఎవరైనా ఒక బకెట్ నీళ్లు ఎక్కువ కలిపి ఉంటే? తెల్లారేసరికి ఒకటే తేల్చుకున్నాను, స్లాబ్ ఆపేయాలి. ముహూర్తం పోతుంది, సెంట్రింగ్ అద్దె రోజుకింతని పెరుగుతుంది, మేస్త్రి గారి మనుషులు వేరే పనికి వెళ్లిపోతారు. అమ్మకి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ముహూర్తం మళ్లీ పెట్టించుకోవచ్చులే, నువ్వు సరిగ్గా చూడు" అంది.

కోర్ తీయించేద్దామని పెద్దనాన్న అన్నారు. కాలమ్‌లో బెజ్జం వేసి ముక్క తీసి నలగ్గొట్టడం అది. చివరి తీర్పుకి అదే సరైనది, కోర్ల సగటు కోరుకున్న బలంలో 85 శాతం ఉండి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే ఐఎస్ 456 ఒప్పుకుంటుంది. కానీ 300 మిల్లీమీటర్ల చదరపు కాలమ్‌లో పన్నెండింటికీ బెజ్జాలు వేస్తామా? ముందు ఏ కాలమ్ మిగతావాటిలా లేదో కనిపెట్టాలి. దానికి పగలగొట్టని పరీక్షలే దారి, కాకపోతే వాటిని మన కాంక్రీటు భాషలో చదవాలి.

స్నేహితురాలి హెచ్ఓడీ గారు పెద్ద మనసుతో హామర్, యూపీవీ మిషను రెండూ శని, ఆదివారాలకి ఇచ్చారు. యూపీవీ అంటే ఒక వైపు నుంచి శబ్ద తరంగం పంపి రెండో వైపు పట్టుకోవడం. మనకి వినిపించే శబ్దం కాదు, సెకనుకి 54 వేల కంపనాలు. ఎంత సేపట్లో చేరిందో మైక్రోసెకన్లలో చూపిస్తుంది, దూరాన్ని దాంతో భాగిస్తే వేగం వస్తుంది. లోపల ఖాళీ ఉంటే తరంగం చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది. ఇది చర్మం కాదు, ఒళ్లంతా చూస్తుంది.

28 రోజులకి ఆరు క్యూబులు, మూడు తొట్టెవి, మూడు సైట్‌వి. తొట్టె క్యూబుల్ని ముందు రోజే బయటికి తీసి ఆరనిచ్చాం. ఒక్కో క్యూబుకీ మొదట యూపీవీ, తర్వాత దాన్ని మిషన్‌లో 7 ఎంపీఏ దగ్గర నొక్కి పట్టి రెండు పక్కలా హామర్, ఆ తర్వాత నలగ్గొట్టడం. నొక్కి పట్టకపోతే క్యూబు కదిలి హామర్ అంకె తప్పొస్తుంది. తొట్టెవి సగటు 35 ఎంపీఏ, సైట్‌వి 30. అదే మిక్స్, అదే రోజు, తేడా కేవలం నీళ్లది. ఆ 5 ఎంపీఏ తేడా చూశాక వాచ్‌మన్ తాతకి ఇంకో గొట్టం కొనిచ్చి, ఆయన జీతం కూడా కొంచెం పెంచాం. ఆ క్యూబుల అంకెలు, ముందు 7, 14 రోజులవి కలిపి ఏ హామర్ అంకెకి ఎంత బలమో చూపేలా నేను గీసుకున్న గీత, హామర్ మీద గ్రాఫ్ కంటే స్పష్టంగా పైన నడిచింది. గ్రాఫ్ 25 అనే చోట మా కాంక్రీటు అసలు బలం 30.

ఆ రోజు నాన్న కూడా వచ్చారు ల్యాబ్‌కి. మొదటి క్యూబు పగిలినప్పుడు లోపల చూసి ముందుకొచ్చారు. బయట మామూలు బూడిద రంగు, లోపల నీలం కలిసిన ఆకుపచ్చ. సముద్రం లోతుగా ఉన్న చోట కనిపించే రంగు లాంటిది. అక్కడున్న కుర్రాడు "మేడమ్, ఇదేంటి పాడైపోయిందా?" అన్నాడు. పాడవలేదు, స్లాగ్‌లో ఉండే సల్ఫైడ్ వల్ల వచ్చే రంగు అది, గాలి తగిలితే కొన్ని రోజుల్లో పోతుంది. గాలి లోపలికి పోలేదు కాబట్టే ఆ రంగు మిగిలింది. నాన్న ఒక ముక్క తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కుళ్లిన గుడ్డు వాసన, చాలా సన్నగా. "స్లాగ్ మీద నీళ్లు కొట్టేచోట ఇదే వాసన అమ్మడూ, 31 ఏళ్లు పీల్చాను" అన్నారు. రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఆయన ఇల్లు గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

మర్నాడు ఆదివారం కాలమ్స్. రెండు రోజులు నీళ్లు ఆపి ఆరనిచ్చాం. కవర్ మీటర్‌తో రాడ్లు ఎక్కడున్నాయో చూసి సుద్దముక్కతో గీశాం, ఎందుకంటే ఉక్కులో తరంగం కాంక్రీటులో కంటే వేగంగా పోతుంది, రాడ్డు వెంట కొలిస్తే లేని మంచితనం కనబడుతుంది. కింద నుంచి పైకి ప్రతి 200 మిల్లీమీటర్లకి ఒక గీత, గీత మీద ఒక చుక్క, ఎదురు ముఖం మీద సరిగ్గా అదే ఎత్తులో ఇంకో చుక్క. కార్బొరండం రాయితో చుక్కల దగ్గర రుద్దితే తెల్లటి పొడి రాలి కింద నునుపుగా గట్టి పొర బయటపడింది. ఆ రుద్దడంలోనే తెలిసిపోతుంది, మెత్తటి చర్మం ఎంత మందం ఉందో.

ముందు మిషన్‌ని దానితో వచ్చిన కడ్డీ మీద సరిచూసుకున్నాం, కడ్డీ మీద చెక్కి ఉన్న సమయం, తెర మీద సమయం ఒకటి కావాలి. హామర్‌ని ఉక్కు దిమ్మె మీద కొట్టి చూసుకున్నాం. ఇవి రెండు నిమిషాల పనులు, ఆ ల్యాబ్ వాళ్లు చేయనివి. తర్వాత గ్రీజు. రెండు ప్రోబుల మూతులకి గ్రీజు రాసి, తమ్ముడు ఒక వైపు, నేను ఒక వైపు గట్టిగా నొక్కుతాం. మధ్యలో గాలి ఉంటే తరంగం దాటదు. నొక్కిన మొదట్లో అంకె ఎగురుతుంది, 81, 78, 75, గ్రీజు సర్దుకునేకొద్దీ దిగుతుంది, 73 దగ్గర ఆగుతుంది. ఆగి రెండు మూడు సెకన్లు కదలకపోతేనే రాసుకోవాలి. 300 మిల్లీమీటర్లు 73 మైక్రోసెకన్లలో అంటే సెకనుకి 4.1 కిలోమీటర్లు. ఎం25 కంటే పై గ్రేడులకి ఇప్పటి ఐఎస్ 516 లో 3.75 పైన ఉంటే మంచిది అంటారు. మొదటి కాలమ్ పూర్తయ్యేసరికి నా చేతులు వణకడం ఆగింది.

పదకొండు కాలమ్స్ 3.9 నుంచి 4.2 మధ్యలో ఉన్నాయి. హామర్ కూడా ఆరిన ముఖం మీద, రాయితో రుద్దాక, ఒక్కో చోట తొమ్మిది దెబ్బలతో, సగటు 31 నుంచి 33. మా గీత మీద చూస్తే 29 నుంచి 32 ఎంపీఏ, సైట్ క్యూబులు చెప్పినదానికి దగ్గరగానే. మొన్నటి 24 కి, ఇవాళ్టి 32 కి మధ్య పెరిగిన వయసు వారమే. మిగతా తేడా తడిది, రాయిది.

పన్నెండోది మెట్ల పక్క కాలమ్. పైన అంతా బాగుంది, 74, 75. కింద నుంచి రెండో గీత దగ్గర 97. ప్రోబు సరిగ్గా పెట్టలేదేమో అని మళ్లీ గ్రీజు రాశాం, 96. మిగతా రెండు ముఖాల మధ్య చూశాం, 94. సెకనుకి 3.1 కిలోమీటర్లు. పైకి చూస్తే ఆ కాలమ్ అన్నిటికంటే నునుపుగా ఉంది. హామర్ అక్కడ 33 ఇచ్చింది! బలమైన చర్మం, లోపల ఏదో ఖాళీ. ఆ ల్యాబ్ రిపోర్టులో ఈ కాలమ్ అంకె అన్నిటిలోకీ ఎక్కువ.

మేస్త్రి గారిని పిలిచాను. ఆ నునుపు చూస్తూనే నాకు అనుమానం వచ్చింది, అయినా ఆయన చేతే చెప్పించాలనుకున్నాను. కాసేపు తలొంచుకుని నిలబడ్డారు. "షట్టరింగ్ ఇప్పినప్పుడు కింద కొంచెం కంకర కనపడిందమ్మా. కుర్రోళ్లు సిమెంటు పాలు రుద్దేసినారు. మీకు చెప్పాల్సింది" అన్నారు. నాకు కోపం వచ్చింది, కానీ చెప్పినందుకు గౌరవం కూడా కలిగింది. చిన్న ఉలితో ఆయనే కొట్టారు. పైన నాలుగు మిల్లీమీటర్ల పొర పెళుసుగా ఊడింది, వెనక కంకర రాళ్లు ఒకదాని మీద ఒకటి, మధ్యలో ముద్ద లేకుండా, వేలు పెడితే దూరేంత సందులు. తేనెపట్టు. లోతు చూస్తే ఒక మూల 60 మిల్లీమీటర్లు, ఊస వెనక దాకా. అక్కడ కింది కాలమ్ రాడ్లు, పై రాడ్లు పక్కపక్కన జతగా ల్యాప్ పడ్డాయి, వైబ్రేటర్ సూది దిగే చోటు లేదు, ఆ రోజు ఆఖరి పోత అది.

అంటే స్లాగ్ ఏ తప్పూ చేయలేదు. తప్పు వైబ్రేటర్‌ది, ఆ తప్పు ఏ సిమెంటుతో పోసినా వచ్చేదే. రిపోర్టు నమ్మి పన్నెండు కాలమ్స్ పగలగొట్టుకున్నా నష్టమే, రిపోర్టు తప్పని తేల్చేసి నిశ్చింతగా స్లాబ్ పోసేసినా ఆ మెట్ల కాలమ్ మీద దాని వంతు ఇంటి బరువు పడేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. హామర్, యూపీవీ ఒకదానికొకటి పోటీ కాదు, ఒకటి చెప్పని మాట ఇంకొకటి చెబుతుంది. రెండూ ఒకే చోట చేయించుకోండి, అదే మిక్స్ క్యూబుల మీద ముందు గీత గీయించుకోండి. మీ ల్యాబ్ వాళ్లు గీత ఎక్కడిదో చెప్పలేకపోతే ఆ రిపోర్టుకి డబ్బులివ్వకండి.

బాగు చేయడం మూడు రోజుల పని. స్లాబ్ బరువు ఇంకా రాలేదు కాబట్టి తేలికైంది. వదులుగా ఉన్నదంతా ఊసల వెనక దాకా చెక్కేసి, గాలి కొట్టి, రాత్రంతా తడిపి ఉంచి, చిన్న షట్టర్ కట్టి కుంచించుకుపోని మైక్రో కాంక్రీటు పై నుంచి ఒక మూల నుంచే పోశాం, గాలి రెండో మూల నుంచి బయటికి పోయేలా. వారం గోనె సంచి. తర్వాత అదే చుక్కల దగ్గర 77 మైక్రోసెకన్లు, 3.9. మేస్త్రి గారు అంకె అడిగి తెలుసుకుని, ఆయన చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ తర్వాత నుంచి మా సైట్‌లో షట్టరింగ్ విప్పాక నేను చూసేదాకా ఎవరూ సిమెంటు పాలు ముట్టుకోలేదు.

స్లాబ్ జనవరిలో పోశాం, అమ్మ పెట్టించిన రెండో ముహూర్తానికే. కింద ఆసరా కర్రలు మూడు వారాలు ఉంచాం, స్లాగ్‌కి ఆ ఓపిక కావాలి. సెంట్రింగ్ అద్దె అదనంగా అయింది, దాచను, స్లాగ్ పొడి వల్ల సిమెంటులో మిగిలినది దాదాపు అందులోకే పోయింది. స్లాబ్‌కి యూపీవీ చేయడం కష్టం, పైన నేను, కింద తమ్ముడు, ఒకరికొకరు కనబడం. కాలమ్ అంచు నుంచి టేపుతో కొలుచుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, "నొక్కావా?" "నొక్కాను అక్కా" అనుకుంటూ ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

56 రోజులకి కాలమ్స్ తొట్టె క్యూబులు 41, సైట్‌వి 36. 90 రోజులకి 44, 39. అదే 90 రోజులకి కాంక్రీటులో కరెంటు పోవడం ఎంత కష్టమో చూపే నాలుగు సూదుల రెసిస్టివిటీ మిషను కూడా తెచ్చి చూశాను, 40 కిలో ఓమ్-సెంటీమీటర్ల పైనే వచ్చింది. 20 దాటితే తుప్పు నిదానం అంటారు. ఉప్పు గాలికి భయపడి స్లాగ్ ఎంచుకున్నదాన్ని కాబట్టి ఆ అంకె నాకు బలం కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

సోమవారం నుంచి ప్లాస్టరింగ్. సుద్ద గీతలు, చుక్కలు, గ్రీజు మరకలు అన్నీ లోపలికి పోతాయి కాబట్టి నిన్న సాయంత్రం నేనూ నాన్నా ప్రతి కాలమ్ దగ్గరా నిలబడి ఫోటోలు తీశాం, నేల నుంచి ఎంత ఎత్తులో ఏ అంకె వచ్చిందో ఒక పుస్తకంలోకి ఎక్కించాం. గ్రీజు ఉన్న చోట ప్లాస్టర్ పట్టదు, అందుకని వైర్ బ్రష్‌తో గీకి, సబ్బు నీళ్లతో కడిగించాం. మెట్ల కాలమ్ దగ్గర మాత్రం నాన్న తన పెన్సిల్ తీసి, కింద నుంచి రెండో గీత పక్కన 97 అని, దాని కింద 77 అని, తేదీ వేసి రాశారు.